రెక్కల దూరం, పట్టాల దూరం

రాయ్‌పూర్‌లోని మానా విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు మ్యాపు మీద తిన్నగా గీత గీస్తే సుమారు 560 కిలోమీటర్లు. ఆ గీత గడ్చిరోలి అడవులు దాటి, మంథని పరిసరాల మీదుగా సాగుతుంది. రైలుకు ఆ దారి లేదు. నాగపూర్, బల్లార్షా, కాజీపేట చుట్టి సికింద్రాబాద్ చేరేసరికి దాదాపు 875 కిలోమీటర్లవుతుంది.

జెట్ విమానం పైకి చేరాక గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ లెక్కన శంషాబాద్‌కు ముప్పావు గంట చాలాలి. టికెట్ మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలో, గంటన్నరో ఉంటుంది. మిగతా సమయమంతా ఎటు పోయినట్టు?

టికెట్‌లో రాసేది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు. ఇక్కడ గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మెలు తీస్తారు. ముందు చక్రానికి తగిలించిన బండి విమానాన్ని వెనక్కి నెడుతుంది. అక్కణ్ణుంచి రన్‌వే దాకా నెమ్మదిగా నడవాలి, వంతు వచ్చేదాకా ఆగాలి. ఎగిరాక ముప్పై వేల అడుగులు ఎక్కడానికి పావుగంట పైన, దిగడానికి ఇంకాస్త ఎక్కువ. ఇంత చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో పోయేది కాసేపే. శంషాబాద్ మీద రద్దీ ఉంటే దిగడానికి మళ్లీ వరుస. ప్రొపెల్లర్లుండే ఏటీఆర్ విమానమైతే గంటకు 500 కిలోమీటర్లే పోగలదు. ఒకే దారికి రెండు టికెట్ల మీద రెండు సమయాలు కనిపించడానికి ఇదీ ఒక కారణం.

రాయ్‌పూర్ తెలుగువాళ్లలో చాలామందికి మాత్రం అసలు లెక్క వేరే. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. వాళ్లకు సొంతూరంటే విశాఖ వైపే. గగనమార్గాన విశాఖ సుమారు 415 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ కన్నా దగ్గర. కానీ హైదరాబాద్‌లో విమానం మారి వెళ్లాల్సి వస్తే 560కి మరో 510 కలుస్తుంది. ముందుగా ఎయిర్‌పోర్టుకు చేరడం, మధ్యలో నిరీక్షణ, సామాను కోసం నిలబడటం అన్నీ కలిపితే ఏడు గంటలు ఇట్టే అయిపోతాయి. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్కేసుకోకుండా టికెట్ కొనడం మంచిది కాదు.

రాయ్‌పూర్, విశాఖల మధ్య రైలూ దీనికి తీసిపోదు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు రైలుమార్గం 1931లో పూర్తయింది. 2024 సెప్టెంబరులో మొదలైన వందేభారత్ రైలు దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా విశాఖకు 565 కిలోమీటర్లను ఎనిమిది గంటల్లో దాటుతోంది.

2012లో మానా విమానాశ్రయానికి స్వామి వివేకానంద పేరు పెట్టారు. ఆయన పద్నాలుగేళ్ల నరేంద్రుడిగా 1877లో రాయ్‌పూర్ వచ్చినప్పుడు ఈ ఊరికి రైలే లేదు. ఎద్దుబండి మీద పక్షం రోజులకు పైగా ప్రయాణించారని జీవితచరిత్రలు చెబుతున్నాయి.

ఇప్పుడు రాయ్‌పూర్, విశాఖల మధ్య ఆరు వరుసల కొత్త రహదారి వేస్తున్నారు. కొండల్లో సొరంగాల గుండా సాగే ఆ దారి పొడవు 464 కిలోమీటర్లు. విమానం గీత కన్నా అది యాభై కిలోమీటర్లే ఎక్కువ.