హీటెడ్ గ్లవ్స్‌ని వాషింగ్ మెషిన్‌లో వేసేస్తున్నారా? ఆగండి.. ముందు ఇది చదవండి

మామూలు ఉన్ని గ్లవ్స్ మాసిపోతే పెద్ద ఆలోచన అక్కర్లేదు. బకెట్లో సబ్బు పొడి వేసి నానబెట్టి, రెండుసార్లు గట్టిగా పిండి, తీగ మీద ఆరేస్తే సరిపోతుంది. కానీ బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్‌ని కూడా ఇలాగే ఉతికితే ఆ జత మళ్లీ సరిగ్గా పనిచేయకపోవచ్చు. పూర్తిగా పాడైతే డబ్బులు పోయాయని సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కంతా సగం పాడై, సగం పనిచేసే గ్లవ్స్‌తోనే. వేలు కాలేదీ, బ్యాటరీ అంటుకునేదీ అప్పుడే.

హైదరాబాద్, విజయవాడ చలికి వీటి అవసరం రాదు. లంబసింగి పొద్దుటి పూట కూడా ఉన్ని గ్లవ్స్ చాలు. కానీ కెనడాలోని విన్నిపెగ్, ఎడ్మంటన్, అమెరికాలోని మినియాపోలిస్, చికాగో లాంటి చోట్ల ఉంటున్న తెలుగువాళ్ల సంగతి వేరు. మైనస్ 20 డిగ్రీల్లో బస్ కోసం పది నిమిషాలు నిలబడితే వేళ్లు కొయ్యబారిపోతాయి. ఇంటి ముందు మంచు ఎత్తిపోసేవాళ్లు, బయట తిరిగి పనిచేసేవాళ్లు, లద్దాఖ్‌కి బైక్ మీద వెళ్లేవాళ్లు వీటిని కొంటున్నారు. రేనాడ్స్ అనే సమస్య ఉన్నవాళ్లకైతే ఇవి సరదా కాదు, అవసరం. చలి తగలగానే వాళ్ల వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుపోయి, వేళ్లు పాలిపోయి ఆ తర్వాత నీలంగా మారతాయి.

లోపల ఏముంటుంది?

గ్లవ్ లోపల పై పొరకీ, చేతికి తగిలే మెత్తటి లైనింగ్‌కీ మధ్య సన్నటి తీగ ఉంటుంది. కొన్నింటిలో అది కార్బన్ ఫైబర్, కొన్నింటిలో లోహపు తీగ. చేతి వెనక భాగం నుంచి బయల్దేరి ఒక్కో వేలి పక్కగా కొస దాకా వెళ్లి తిరిగొస్తుంది. మణికట్టు దగ్గర జిప్ ఉన్న చిన్న జేబులో లిథియం అయాన్ బ్యాటరీ కూర్చుంటుంది. ఎక్కువ మోడళ్లలో ఇది 7.4 వోల్టులది, అంటే లోపల రెండు సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. పైన బటన్, దాన్ని నొక్కితే మారే మూడు హీట్ లెవెల్స్. అంతే.

ఇక్కడ చాలామందికి ఒక డౌట్ వస్తుంది. తడి తగిలితే షాక్ కొడుతుందా? కొట్టదు. 7.4 వోల్టులు మనిషికి షాక్ ఇచ్చేంత కాదు. భయపడాల్సింది షాక్ గురించి కాదు, కనెక్టర్ గురించి. చెమటలో ఉప్పు ఉంటుంది. చలి దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లేదీ ఉప్పే. అది పిన్నుల మీద చేరితే చిలుము పడుతుంది. కరెంట్ సరిగ్గా పారదు, ఆ చోట వేడెక్కుతుంది, ఒక్కోసారి షార్ట్ అవుతుంది.

ఉతకాలంటే ఎలా?

ముందు అసలు ఉతకాలా అనేది చూసుకోవాలి. బయట మరక పడితే తడి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు పోతుంది. వాసన వస్తోందంటే సమస్య లోపలి లైనింగ్‌లో ఉంది. దానికి మంచి ఉపాయం ఉంది: గ్లవ్స్ లోపల పల్చటి లైనర్ గ్లవ్స్ వేసుకోవడం. చెమట అవే పీల్చుకుంటాయి, వాటిని మామూలు బట్టల్లాగే ఉతుక్కోవచ్చు. ఖరీదైన జత జోలికి వెళ్లే పని సీజన్‌కి ఒకసారికి తగ్గిపోతుంది.

ఉతక్క తప్పదనుకుంటే లోపల కుట్టిన లేబుల్ చూడాలి. టబ్‌లో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తో ఉతకొచ్చని అర్థం. టబ్ మీద ఇంటూ గుర్తు ఉంటే నీళ్లలో ముంచకూడదు. వృత్తం మీద ఇంటూ ఉంటే డ్రై క్లీనింగ్‌కి ఇవ్వకూడదు. కొన్ని కంపెనీలు మెషిన్ వాష్‌కి ఒప్పుకుంటాయి, అప్పుడు కంపెనీ చెప్పిన మోడ్‌లోనే వేయాలి. లేబుల్ చిరిగిపోయిందా? అయితే చేత్తోనే, అదీ మెత్తగానే.

బ్యాటరీలు రెండూ బయటికి తీసి వేరే గదిలో పెట్టేయండి. జేబులో మిగిలిన కనెక్టర్‌కి మూత ఉంటే బిగించాలి. లేకపోతే చిన్న ప్లాస్టిక్ కవర్ చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసి, జిప్ మూసేయాలి. టబ్‌లో చల్లటి నీళ్లు చాలు, 30 డిగ్రీలు దాటక్కర్లేదు. ఉన్ని బట్టల కోసం అమ్మే లిక్విడ్ కొద్దిగా కలిపి, అరచేత్తో నొక్కుతూ వదులుతూ ఉంటే మురికి దిగుతుంది. బ్లీచ్ వద్దు. మెత్తగా, మంచి వాసన రావాలని ఫ్యాబ్రిక్ కండిషనర్ పోసేవాళ్లున్నారు, అదీ వద్దు. గ్లవ్ పై పొరకి నీళ్లు జారిపోయే గుణాన్ని అది దెబ్బతీస్తుంది. నురగ పోయేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లతో జాడించాలి.

ఇక పిండడం. మన చేతులకి అలవాటైపోయిన పని ఇది, ఇక్కడే ఆపుకోవాలి. మెలిపెట్టి పిండితే లోపలి తీగ వేళ్ల కణుపుల దగ్గర మడత పడుతుంది, తెగుతుంది. టవల్ మధ్యలో పెట్టి చాపలా చుట్టి, పైనుంచి నొక్కితే నీళ్లు టవల్‌లోకి దిగిపోతాయి.

లెదర్ గ్లవ్స్ అయితే ఇదంతా వర్తించదు. వాటిని నీళ్లలో ముంచితే తోలు బిర్రబిగుసుకుపోతుంది. తడి గుడ్డతో తుడిచి, ఆరాక లెదర్ కండిషనర్ పల్చగా రాస్తే చాలు.

రూమ్ హీటర్ మీద పెట్టారో..

ఉతికింది సరిగ్గానే ఉతికి, ఆరబెట్టేటప్పుడు పాడుచేసుకునేవాళ్లే ఎక్కువ. అపార్ట్‌మెంట్‌లో హీటర్ ఎదురుగా కనిపిస్తుంటుంది కదా, దాని మీద పెట్టేస్తారు. డ్రయ్యర్‌లో వేసేవాళ్లూ ఉన్నారు. ఆ వేడికి పొరల్ని అతికించిన జిగురు వదిలేస్తుంది. ఇంకో తెలివి ఏంటంటే, ఎలాగూ వేడెక్కే గ్లవ్సే కదా అని తడిగా ఉండగానే బ్యాటరీ పెట్టి ఆన్ చేసేయడం. అది అస్సలు చేయకూడదు. ఫోన్ తడిస్తే పెట్టినట్టు బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల కూడా ఒరిగేదేమీ లేదు, లోపలికి బియ్యపు పొడి చేరడం తప్ప.

లోపల పాత పేపర్ ఉండలు చుట్టి దూర్చి, అవి తడిసినప్పుడల్లా మారుస్తూ, గాలి ఆడేచోట వేళ్లు పైకి ఉండేలా నిలబెట్టండి. మొత్తం ఆరడానికి 1 నుంచి 2 రోజులు పడుతుంది. బయట పొడిగా తగిలినా వేలి కొసల్లో తడి మిగిలే ఉంటుంది, కాబట్టి తొందర వద్దు.

ఆరాక ఒక పరీక్ష తప్పనిసరి

గ్లవ్స్‌ని టేబుల్ మీద పరిచి, బ్యాటరీ పెట్టి, తక్కువ హీట్‌లో ఆన్ చేసి పది నిమిషాలు దగ్గరే ఉండి చూడాలి. ఒక్కో వేలి వెంబడి చేత్తో తడిమి చూస్తే అంతా ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒక వేలు చల్లగా ఉందంటే అక్కడ తీగ తెగింది. ఒక చోట మాత్రం చురుక్కుమంటోందంటే ఇంకా ప్రమాదం. తీగలోని పోగుల్లో కొన్ని తెగి, కరెంట్ అంతా మిగిలిన పోగుల్లోంచే వెళ్తోందని అర్థం. అలాంటి జతని ఇక వేసుకోకూడదు. ఇంట్లో టేప్ చుట్టి అతికించే రిపేరు కాదిది.

కొంచెం వేడే కదా అని తీసిపారేయడానికి లేదు. 44 డిగ్రీల సెల్సియస్ వేడి చర్మానికి 6 గంటల పాటు ఆనుకుని ఉంటే చర్మం కాలుతుందని 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికా పరిశోధకులు తేల్చారు. 51 డిగ్రీల దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం దాదాపు సగానికి పడిపోతుంది. మామూలు మనిషికి చురుకు తగలగానే చెయ్యి లాగేసుకుంటాడు. కానీ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకి, చలికి వేళ్లు మొద్దుబారినవాళ్లకి ఆ చురుకే తెలియదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి చలికాలంలో వెళ్లే అమ్మానాన్నలకి ఇవి తొడిగేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తక్కువ హీట్‌లోనే పెట్టి, మధ్యమధ్యలో తీసి వేళ్లు చూస్తుండాలి. ఇవి వేసుకుని నిద్రపోకూడదు.

బ్యాటరీని చంపేది చలి కాదు

చలిలో గ్లవ్స్ తొందరగా ఆగిపోతే బ్యాటరీ పోయిందనుకుంటారు. నిజానికి చలికి బ్యాటరీలో రసాయన చర్య నెమ్మదిస్తుంది, వెచ్చని గదిలోకి రాగానే మళ్లీ మామూలవుతుంది. స్పేర్ బ్యాటరీని జాకెట్ లోపలి జేబులో పెట్టుకుంటే ఈ ఇబ్బంది తగ్గుతుంది. శాశ్వతంగా దెబ్బతినేది ఎప్పుడంటే, సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్న బ్యాటరీని ఛార్జింగ్ పెట్టినప్పుడు. అప్పుడు లిథియం లోపలికి ఇంకకుండా ఎలక్ట్రోడ్ మీద లోహంగా పేరుకుపోతుంది. ఒకసారి అలా జరిగితే కెపాసిటీ తిరిగి రాదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

అందుకే బయటి నుంచి రాగానే ప్లగ్ పెట్టేయొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా మీద చెమ్మ పట్టినట్టే, చల్లటి బ్యాటరీ మీదా పడుతుంది. ఒక గంట గదిలో వదిలేసి, పొడి గుడ్డతో తుడిచి అప్పుడు పెట్టాలి. ఛార్జర్ కూడా దానితో వచ్చిందే వాడాలి. 7.4 వోల్టుల ప్యాక్‌కి ఛార్జర్ 8.4 వోల్టులు ఇస్తుంది. పిన్ను సరిపోయిందని వైఫై రూటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే మంట పెట్టినట్టే. ఉబ్బిన బ్యాటరీని నొక్కి చూడటం, గుచ్చడం, మళ్లీ ఛార్జ్ చేయడం వద్దే వద్దు. అలాంటిది చెత్తబుట్టలో కాదు, బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రంలో ఇవ్వాలి.

లద్దాఖ్ వెళ్లే రైడర్లకీ ఇదే ముఖ్యం. ఖార్దుంగ్ లా దిగి వచ్చి, రాత్రి వేడి లేని టెంట్‌లో ఛార్జింగ్ పెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. గడ్డకట్టే చలి ఉంటే ఆ రాత్రికి ఛార్జింగ్ మానేసి, బ్యాటరీలని జాకెట్‌లో పెట్టుకుని, వెచ్చని గది దొరికాకే పెట్టడం మేలు. కొందరు బైక్ బ్యాటరీకే కలిపే 12 వోల్టుల గ్లవ్స్ వాడతారు. వాటికి ఈ బాధ లేదు గానీ, వైరులో ఫ్యూజ్ ఉందో లేదో చూసుకోవాలి.

చలికాలం అయిపోయాక..

ఏప్రిల్‌లో తీసి అలమరలో పడేసి, నవంబర్‌లో చూస్తే బ్యాటరీ ఛార్జ్ ఎక్కకపోవడం చాలామందికి ఎదురయ్యేదే. పూర్తిగా ఖాళీ చేసి పెడితే, నెలలు గడిచేకొద్దీ ఉన్న కాస్త కూడా జారిపోయి సెల్ చచ్చిపోతుంది. ఫుల్ ఛార్జ్‌తో పెట్టినా త్వరగా ముసలిదైపోతుంది. దాదాపు సగం ఛార్జ్‌తో, గ్లవ్స్ నుంచి విడిగా, చల్లటి పొడి చోట ఉంచి, రెండు మూడు నెలలకోసారి చూసుకుని మళ్లీ సగానికి నింపితే చాలు. గ్లవ్స్‌ని మడతపెట్టకుండా పరిచి పెట్టండి. పక్కన కలరా ఉండలు వేస్తే ఆ వాసన లైనింగ్‌కి పట్టేసి ఒక పట్టాన వదలదు, వాటి బదులు సిలికా జెల్ ప్యాకెట్లు వేసుకోవచ్చు.

ఇండియాకి వచ్చేటప్పుడు తమ్ముడికో, బావకో ఈ గ్లవ్స్ తెచ్చేవాళ్లుంటారు. గ్లవ్స్ పెద్ద సూట్‌కేస్‌లో పెట్టినా, బ్యాటరీలు మాత్రం విడిగా తీసి హ్యాండ్ బ్యాగేజ్‌లోనే తేవాలి. విడి లిథియం బ్యాటరీలని చెకిన్ లగేజీలో అనుమతించరు. 100 వాట్ అవర్ల లోపు వాటికి ఎయిర్‌లైన్ నుంచి ముందస్తు అనుమతి అక్కర్లేదు. 7.4 వోల్టులు, 2200 ఎంఏహెచ్ అని రాసి ఉన్న బ్యాటరీ 16 వాట్ అవర్లే అవుతుంది. పిన్నుల మీద టేప్ వేసి, ఒక్కోదాన్ని ఒక్కో కవర్‌లో పెట్టుకోవాలి.