క్లచ్ మార్చేటప్పుడు ఫ్లైవీల్‌ను మరువరాదు

సంతకు మూటలు, ఆసుపత్రికి రోగి, పెళ్లికి చుట్టాలు - సరిహద్దు పల్లెల్లో అన్నిటికీ ఒకే జీపు దిక్కు. ఆ జీపు ఒకనాడు ఎత్తుదారిలో హోరెత్తుతుంది గాని ముందుకు సాగదు. కాలిన వాసన వస్తుంది. క్లచ్ అరిగిందని ఇంటిల్లిపాదికీ అర్థమవుతుంది. హొసూరులో అడిగినా, బళ్ళారిలో అడిగినా, రాయగడలో అడిగినా మెకానిక్ చెప్పేది ఒకటే. భాషలు వేరైనా క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు అనే పేర్లు అన్నిచోట్లా అవే.

కూలి ఖర్చు మిగుల్చుకోదలచి, చేతిపని కొంత తెలిసిన కుటుంబాలు ఈ పనిని ఇంటి ముంగిటనే చేపట్టడం కద్దు. అది అసాధ్యం కాదు. కాని అందులో రెండు పొరపాట్లకు తావుంది. వాహనానికి సరైన ఆధారం లేకుండా దాని కిందికి దూరడం మొదటిది. అది ప్రాణం మీదికి తెస్తుంది. ప్లేటు ఒక్కటి మార్చి, దానికి ఎదురుగా ఉన్న ఫ్లైవీల్‌ను పరీక్షించకుండా మూసివేయడం రెండవది. అది చేసిన పనినంతా వృథా చేస్తుంది.

క్లచ్ పనిచేసే విధానం

ఇంజనులోని క్రాంక్ షాఫ్టు చివర బిగించిన బరువైన ఇనుప చక్రమే ఫ్లైవీల్. తన జడత్వం వలన అది ఇంజను తిరుగుడును నిలకడగా ఉంచుతుంది. దాని నునుపైన ముఖానికి క్లచ్ ప్లేటు ఆనుకొని ఉంటుంది. ఆ ప్లేటును వెనుకనుండి బలమైన స్ప్రింగుతో అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. పెడలు తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగును నెట్టగా, క్లచ్ ప్లేటు వదులై గేరు బాక్సుకు శక్తి అందడం ఆగిపోతుంది. అనగా క్లచ్ ప్లేటు రెండు ఇనుప ముఖాల నడుమ రాపిడికి లోనవుతుంది. వాటిలో ఒకటి ఫ్లైవీల్‌దే. ఆ ముఖం చెడి ఉంటే కొత్త ప్లేటు ఎంత మంచిదైనా నిలువదు.

విప్పకముందు చూడవలసినవి

గేరు బాక్సు దించడం పెద్ద పని. కనుక లోపం నిజంగా క్లచ్‌లోనే ఉన్నదో లేదో ముందుగా తేల్చుకోవాలి. పెడలుకు కొద్దిపాటి ఖాళీ కదలిక లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు; కేబులు సరిచేస్తే ఆ లోపం తీరవచ్చు. పెడలు పూర్తిగా తొక్కినా గేర్లు గరగరలాడుతూ పడుతుంటే, కేబులు సాగిందేమో, హైడ్రాలిక్ రకమైతే నూనె కారుతున్నదేమో చూడాలి. పెడలు తొక్కినప్పుడే శబ్దం వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. బయలుదేరేటప్పుడు బండి వణికితే ప్లేటుకు నూనె అంటడమో, ఫ్లైవీల్ ముఖం చెడడమో కారణం కావచ్చు.

సమతలమైన చోట, ముందు వెనుకల ఎవరూ లేకుండా చూసి, చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మూడవ గేరులో పెడలును మెల్లగా వదలాలి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్లు. ఆగక తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్లు. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. మాటిమాటికీ చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

ముందు ప్రాణం, తరువాత పని

జాకీ బండిని ఎత్తడానికే గాని ఎత్తి నిలపడానికి కాదు. ఒక్క జాకీ మీద నిలిచిన వాహనం కిందికి ఎవరూ వెళ్లరాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం పల్లెల్లో అలవాటు. అవి ముందస్తు సూచన ఏదీ లేకుండా పగిలిపోగలవు. వాహనం బరువుకు తగిన ఉక్కు స్టాండ్లను గట్టి నేల మీద, ఛాసిస్ కింద నిలపాలి. మెత్తని మట్టినేల పనికిరాదు. నిలిపిన తరువాత బండిని చేతులతో ఊపి చూసి, కదలిక లేదని నిశ్చయించుకున్నాకే కిందికి వెళ్లాలి. ఒంటరిగా పని చేయరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు.

పాత క్లచ్ ప్లేట్ల లైనింగులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తులకు హానికరం. దానిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదరాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కవరులో కట్టి పారవేయాలి.

విప్పే క్రమం

ఇంజను ముందు ఉండి వెనుక చక్రాలు నడిచే బొలెరో వంటి జీపులలో పని కొంత సుళువు. మారుతి 800 వంటి ముందు చక్రాల కార్లలో ఇరుసు షాఫ్టులు కూడా తీయవలసి ఉంటుంది. జీపు విషయంలో ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. ప్రొపెల్లర్ షాఫ్టు కలిసేచోట సుద్దతోనో, రంగుతోనో గుర్తు పెట్టి విప్పాలి. తరువాత గేరు రాడ్డు, వైర్లు, క్లచ్ కేబులు లేదా సిలిండరు, స్టార్టరు మోటారు తీయాలి. ఇంజను వెనుక భాగానికి వేరొక ఆధారం పెట్టాలి. గేరు బాక్సు కింద జాకీ ఉంచి, ఇద్దరు పట్టుకొని, తిన్నగా వెనుకకు లాగాలి. దాని బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడితే ప్లేటు వంగిపోతుంది. తిరిగి బిగించేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఒకదాని తరువాత ఒకటి పూర్తిగా విప్పరాదు. ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా వదులు చేయాలి.

ఫ్లైవీల్ పరీక్ష

ముఖం మీద నీలపు మచ్చలుంటే అతిగా వేడెక్కిందని అర్థం. సన్నని పగుళ్లు, గోటికి తగిలే గాడులు ఉన్నాయేమో చూడాలి. కొద్దిపాటి లోపమైతే లేత్ షాపులో చదును చేయించవచ్చు. అయితే తయారీదారు చెప్పిన కనీస మందానికి తగ్గకూడదు. బోల్టులు పట్టే అంచు, రాపిడి ముఖం వేర్వేరు ఎత్తుల్లో ఉండే రకమైతే రెండింటినీ సమానంగా కోయించాలి. లేకుంటే ప్రెషర్ ప్లేటు పట్టు మారిపోతుంది. లోతైన పగులు ఉంటే కొత్తది కొనడమే మేలు. కొన్ని కొత్త డీజిలు కార్లలో లోపల స్ప్రింగులున్న రెండు భాగాల ఫ్లైవీల్ వస్తుంది. సాధారణంగా దానిని లేత్ మీద చదును చేయించరు. కదలిక హద్దు మీరితే మారుస్తారు.

చుట్టూ ఉన్న పళ్ల చక్రాన్ని కూడా చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆపినప్పుడు సాధారణంగా రెండు ఎదురెదురు స్థానాలలోనే ఆగుతుంది. అందువలన స్టార్టరు తగిలే పళ్లు ఆ రెండు చోట్లనే ఎక్కువగా అరుగుతాయి. స్టార్టు చేసేటప్పుడు అప్పుడప్పుడు గరగర శబ్దం రావడానికి కారణం ఇదే కావచ్చు.

ఫ్లైవీల్ విప్పితే దాని స్థానం గుర్తు పెట్టుకోవాలి. అది చాలా బరువు. చివరి బోల్టు తీసేటప్పుడు రెండవ మనిషి పట్టుకోవాలి. వెనుకనున్న ఆయిల్ సీలు, మధ్యనున్న పైలట్ బేరింగు, రిలీజ్ బేరింగు అప్పుడే మార్చాలి. వీటి ఖరీదు తక్కువ. వీటికోసం మళ్లీ గేరు బాక్సు దించే శ్రమ ఎక్కువ. పాత సీలునుండి కారిన ఇంజను నూనె కొత్త ప్లేటును కొద్ది రోజుల్లోనే పాడుచేస్తుంది.

బిగింపులో కొలత

ఫ్లైవీల్ బోల్టులను అందాజుగా బిగించరాదు. టార్క్ రెంచి తప్పనిసరి. అనేక వాహనాలలో ఈ బోల్టులు ఒకసారికే. మాన్యువల్ అలా చెబితే కొత్తవే వేయాలి. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో చదువుకునే పిల్లలచేత చదివించవచ్చు. కాని కొలమానాన్ని జాగ్రత్తగా చూడాలి. కొన్ని పుస్తకాలు కిలోగ్రాం మీటర్లలో, కొన్ని న్యూటన్ మీటర్లలో లెక్క ఇస్తాయి. 1 కిలోగ్రాం మీటరు సుమారు 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. ఒకదానిని మరొకదానిగా పొరబడితే బోల్టు తెగుతుంది, లేదా వదులుగా మిగిలిపోతుంది.

కొత్త ఫ్లైవీల్ మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనరుతో పూర్తిగా తుడవాలి. క్లచ్ ప్లేటు మీద ఫ్లైవీల్ వైపు ఏదో రాసి ఉంటుంది, తిరగవేస్తే పనిచేయదు. ప్లేటును సరిగ్గా మధ్యకు తేవడానికి పాత గేరు షాఫ్టు గాని, తగిన లావులో చెక్కించిన కర్ర గాని వాడవచ్చు. గేరు షాఫ్టు గాళ్లకు గ్రీజు పలుచగా రాయాలి. ఎక్కువైతే అది ప్లేటు మీదికి చిమ్ముతుంది.

తరువాతి నడక

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు అతిబరువు వేయకుండా నడపాలి. పెడలు మీద పాదం ఆనించి ఉంచడం, ఎత్తుదారిలో బండిని క్లచ్ మీదనే నిలపడం అనే రెండు అలవాట్లు కొత్త ప్లేటును త్వరగా తినివేస్తాయి. ఎత్తులో నిలపడానికి హ్యాండ్ బ్రేకు ఉంది.

ఉక్కు స్టాండ్లు, టార్క్ రెంచి, తోడుగా మరో మనిషి - ఈ మూడింటిలో ఏది లేకున్నా జీపును మెకానిక్‌కే అప్పగించాలి. అప్పుడు కూడా ఈ వివరాలు వృథా కావు. గేరు బాక్సు దించిన రోజున ఇంటివారు దగ్గర నిలబడి, "ఫ్లైవీల్ ఎలా ఉంది? సీలు మార్చారా? పాత సామాను చూపండి" అని అడగగలిగితే, అదే జీపు మరో ఆరు నెలలకు మళ్లీ అదే షెడ్డుకు చేరే అవస్థ తప్పుతుంది.