గాయపడినవానిని ఆదుకొనువారికి చట్టమిచ్చు అభయము

ధాన్యమును, మిరపబస్తాలను మార్కెట్టుయార్డునకు తోలుకొనిపోవు మన రైతులకు పెద్దబాటలపై రాత్రిప్రయాణము తప్పదు. బాటప్రక్క ఎవడైన గాయపడి పడియున్నచో జాలిపడనివారుండరు. అయినను, “ముట్టుకొన్నచో పోలీసుస్టేషనుకును కోర్టుకును తిరుగవలసివచ్చును, పనులకాలమున ఆ తిప్పలెవరు పడగలరు?” అని పలువురు తొలగిపోవుచున్నారు. ఈ భయమునకు పూర్వము కారణము లేకపోలేదు. ఇప్పుడు చట్టము మారినది. సభ్యులెల్లరు దానిని ఎరుగవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సాయపడువారి రక్షణకై కేంద్రప్రభుత్వము చేసిన మార్గసూత్రములను దేశమంతటను పాటింపవలెనని 2016 మార్చి 30వ తేదీన సుప్రీంకోర్టు ఆదేశించెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు 134-ఏ సెక్షను చేర్చబడెను. 2020లో నియమములు వెలువడెను. వాని సారమిది.

మొదటిది: మోటారు వాహన ప్రమాదమున గాయపడినవానికి ప్రతిఫలము కోరక, సద్బుద్ధితో, తనంతట తాను సాయముచేసినవానిపైగాని, ఆసుపత్రికి చేర్చినవానిపైగాని, ఆ సాయములో పొరపాటు జరిగి బాధితుడు మరణించినను, సివిలు దావాగాని క్రిమినలు కేసుగాని నిలువదు.

రెండవది: పేరు, చిరునామా చెప్పుమని పోలీసులుగాని మరెవ్వరుగాని నిర్బంధింపరాదు. ఇష్టమున్నచో చెప్పవచ్చును.

మూడవది: తానై సాక్ష్యమిచ్చుటకు ఒప్పుకొన్నవానిని అతని ఇంటికడనో, పనిచోటనో, అతనికి అనుకూలమైన వేళ ఒక్కమారే విచారింపవలెను. అట్లు వచ్చు పోలీసు అధికారి మామూలు దుస్తులలో రావలెను.

నాలుగవది: ఈ హక్కులను తెలుపు పట్టికను ప్రతి ఆసుపత్రియు తన వాకిట స్థానికభాషలో కూడ ప్రకటింపవలెను. పోలీసు కాగితములకై ఆగక మొదట ప్రాణము కాపాడుటయే వైద్యుని విధియని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పుచెప్పియున్నది.

అయితే, తన బండితో ఢీకొట్టినవానికి ఈ అభయము లేదు. గాయపడినవానికి వైద్యము అందునట్లు చూచుట 134వ సెక్షను ప్రకారము అతని విధియే.

దెబ్బతగిలిన తరువాతి గంటకాలమును చట్టము బంగారుగడియగా నిర్వచించినది. అదను తప్పిన తడి పైరును నిలుపనట్లే, ఈ గంట దాటినపిమ్మట ఎంత వైద్యము చేసినను ఫలము తగ్గును. కావున వెంటనే 108కి ఫోను చేయవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టవలెను. స్పృహలేనివాని నోట నీరు పోయరాదు. మరియొక బండి మీదికివచ్చునట్టి అపాయమున్ననే తప్ప మెడ, వెన్ను కదల్పరాదు.

సంఘకార్యదర్శులు దీనిని నెలసమావేశమున చదివి, చదువురాని సభ్యులకును తెలియజేయ కోరుచున్నాము. నేడు మనము చేయిచ్చిన బాటసారి యెవరో కావచ్చును; రేపు ఆ బాటపై పడియుండువాడు మన బిడ్డయే కావచ్చును.