అద్దాల తొట్టిలో చేపలు: నీటి విషయమున జాగ్రత్తలు

తొట్టి కొన్ననాడే చేపలను కూడ తెచ్చి వేయుట చాలమంది చేయు పని. మూడు నాలుగు రోజులు పిల్లలు ముచ్చటగా చూచెదరు. వారము తిరుగకముందే చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచు, ఒక్కొక్కటిగా చచ్చి తేలును. నీరు మాత్రము తేటగానే కనిపించును. అందుచే దుకాణదారు రోగపు చేపలను అంటగట్టినాడని అనుకొందురు. పెక్కుసార్లు లోపము చేపలలో లేదు, ఆ తేటనీటిలోనే ఉన్నది.

చేపల విసర్జనము, తినక మిగిలిన మేత కలిసి నీటిలో అమ్మోనియాను పుట్టించును. ఇది కంటికి కనబడదు, చేప మొప్పలను మాత్రము చెరచును. పాతబడిన తొట్టిలో ఇసుకను, ఫిల్టరు స్పాంజిని అంటుకొని రెండు రకముల సూక్ష్మజీవులు ఉండును. ఒకటి అమ్మోనియాను నైట్రైట్‌గా, రెండవది దానిని నైట్రేట్‌గా మార్చును. నైట్రైట్ కూడ విషమే. నైట్రేట్ వలన అంత హాని లేదు. పొలములో చల్లిన యూరియా మొదట అమ్మోనియాగా, పిదప నైట్రేట్‌గా మారి పైరుకు అందుట మీరెరిగినదే. తొట్టిలో జరుగునదియు అదే. కొత్త తొట్టిలో ఈ జీవులు తగినంత పెరుగుటకు సుమారు 4 నుండి 6 వారములు పట్టును. ఆరోగ్యముగానున్న తొట్టి కలవారెవరైన తెలిసియున్న, వారి ఫిల్టరు స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకొనండి. పాలకు తోడు వేసినట్లే పని త్వరపడును.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తుగల తొట్టిలో ఇసుక, పై ఖాళీ పోగా సుమారు 45 లీటర్ల నీరు పట్టును. అందు మొదట జీబ్రా డానియో వంటి చిన్నచేపలు మూడో నాలుగో వేయండి. ఇవి మన దేశపు వాగులలో పుట్టునవే. రెండు నిమిషములలో తినగలిగినంత మేతనే రోజుకొకసారి వేయవలెను. మొదటి నెల రెండు మూడు రోజులకొకసారి పావువంతు నీరు మార్చండి. పరీక్షించు మందు దుకాణములలో దొరకును. అమ్మోనియా, నైట్రైట్ రెండును సున్న చూపువరకు కొత్త చేపలు తేరాదు. ఆపైన రెండేసి చొప్పున, పక్షము రోజుల ఎడముతో వేసి, పది పన్నెండింటితో ఆపవలెను. బంగారు చేప ఈ తొట్టికి తగదు. అది జానెడు పెరుగును, మలినమును ఎక్కువే చేయును. దానిని గుండ్రని గాజుబుడ్డిలో ఉంచుట చూచువారికి వేడుక, చేపకు శిక్ష.

కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకును సూక్ష్మజీవులకును హాని చేయును. నీటిని వెడల్పు మూతిగల బకెట్టులో ఒకరోజు తెరచి ఉంచిన క్లోరిన్ పోవును. క్లోరమిన్ కలుపు ఊళ్లలో ఇది చాలదు. విరుగుడు మందు వేయవలెను. ఫిల్టరు స్పాంజిని కుళాయి క్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను.

పురుగుమందు కలిపిన బకెట్టును ఎంత కడిగినను ఈ పనికి వాడకండి. సైపర్‌మెత్రిన్ వంటి మందులు చేపలకు లేశమాత్రమైనను ప్రమాదము. పిచికారీ చేసివచ్చిన చేయి తొట్టిలో పెట్టకండి; ఆ గదిలో దోమల మందు కొట్టకండి.

గాజును శుభ్రపరచునని చెప్పి అమ్ము సక్కర్ చేపను కొనవద్దు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేప అడుగుకు మించి పెరుగును. పెరిగిన పిదప కొందరు చెరువులలో విడిచిపెట్టగా, అది గట్లకు బొరియలు చేయుచు, వలలు చింపుచు, పెంపుడు చేపల మేతకు పోటీపడుచు రైతులకు బెడదయైనది. మీరు ఉంచుకొనలేని చేప ఏదైనను చెరువులోగాని కాలువలోగాని వదలక, దుకాణమునకే తిరిగి ఇవ్వండి.