జ్వరం వస్తే రక్తపు చుక్కలో ఏం చూస్తారు? మైక్రోస్కోప్‌కి మలేరియా దొరుకుతుంది.. మరి డెంగీ?

వానాకాలం వచ్చిందంటే చాలు.. ఇంటికొకరు జ్వరంతో మంచం పడతారు. ల్యాబ్‌కి వెళ్తే వేలి కొన నుంచి ఒక్క చుక్క రక్తం తీసి గాజు స్లైడ్‌పై పూస్తారు. మలేరియా ఉంటే మైక్రోస్కోప్‌లో కనిపిస్తుంది. డెంగీ మాత్రం కనిపించదు. ఎందుకలా?

జూమ్ చేస్తే సరిపోదు!

మైక్రోస్కోప్ అంటే చిన్నదాన్ని పెద్దగా చూపించడమే అనుకుంటాం. కానీ అసలు పని వేరే ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలను విడివిడిగా చూపించాలి. ఫోన్‌లో ఫొటోను ఎంత జూమ్ చేసినా బొమ్మ పెద్దదై మసకబారుతుందే తప్ప కొత్త వివరం రాదు కదా.. ఇదీ అంతే.

రంగు, నూనె చేసే పని

ఎర్ర రక్తకణం వెడల్పు సుమారు 7 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ కణంలో దూరిన మలేరియా క్రిమి మొదట్లో చిన్న ఉంగరంలా ఉంటుంది. దానికి రంగు ఉండదు కాబట్టి జీమ్సా అనే రంగు వేస్తారు. స్లైడ్‌పై ఒక చుక్క నూనె కూడా వేస్తారు. గాజు నుంచి గాలిలోకి వచ్చే వెలుగు పక్కకు వంగిపోతుంది. మధ్యలో నూనె ఉంటే ఆ వెలుగు కూడా లెన్స్‌లోకి చేరుతుంది. అప్పుడే 1000 రెట్లు పెద్దగా, స్పష్టంగా కనిపిస్తుంది.

డెంగీ ఎందుకు దొరకదంటే..

వెలుగు అలల రూపంలో వెళ్తుంది. అందుకే మామూలు మైక్రోస్కోప్‌లో సుమారు 0.2 మైక్రాన్ల కంటే దగ్గరగా ఉన్న చుక్కలు కలిసిపోయి కనిపిస్తాయి. జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే ఈ హద్దును వివరించారు. డెంగీ వైరస్ దాదాపు 0.05 మైక్రాన్లే! దాన్ని చూడాలంటే వెలుగు బదులు ఎలక్ట్రాన్లు వాడే మైక్రోస్కోప్ కావాలి. అందుకే ల్యాబ్‌లో ఎన్‌ఎస్1 లాంటి పరీక్షలతో వైరస్ ఆనవాళ్లు పట్టుకుంటారు.

సికింద్రాబాద్‌లోనే తేలింది

మలేరియాకి, దోమకి ఉన్న లింకు బయటపడింది మన దగ్గరే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టను మైక్రోస్కోప్ కింద పరిశీలించి మలేరియా క్రిమిని గుర్తించారు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుకొనేది అందుకే.

ఒక్క నెగెటివ్‌తో వదిలేయొద్దు

ఏ రకం మలేరియానో స్లైడ్ చెబుతుంది. మందు దాన్ని బట్టే ఉంటుంది. ఫాల్సిపారం రకం ఆలస్యమైతే ప్రాణం మీదకు తెస్తుంది. క్రిములు తక్కువగా ఉంటే మొదటి స్లైడ్‌లో దొరక్కపోవచ్చు. అందుకే రిపోర్టు నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే, డాక్టర్‌ని అడిగి మళ్లీ పరీక్ష చేయించుకోవాలి.