సిమిలారిటీ ఇండెక్స్

పీహెచ్‌డీ వివాదాల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. సిద్ధాంత గ్రంథంలోని వాక్యాలు ఇదివరకే వెలువడిన రచనలతో ఎంత శాతం కలుస్తున్నాయో సాఫ్ట్‌వేర్ చూపే లెక్కే సిమిలారిటీ ఇండెక్స్.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది వరకు సవరించిన ప్రతి తీసుకోరు. అదీ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఆధారం చూపిన ఉటంకింపులు, రిఫరెన్సుల జాబితా ఈ లెక్కలోకి రావు.

సాఫ్ట్‌వేర్ పట్టేది పోలికను మాత్రమే. అది చౌర్యమా కాదా అన్నది కమిటీలే తేల్చాలి.

పోలిక తప్పించుకోవడానికి మాటలు మారిస్తే చాలదు. ఉదాహరణకు, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయంలో 1977 దివిసీమ ఉప్పెన మీద రాసే విద్యార్థిని ఊహించుకోండి. చదివిన పుస్తకంలో ‘ఉప్పెన ఊళ్లను ముంచెత్తింది’ అని ఉంటే, ‘ఉప్పెన గ్రామాలను ముంచేసింది’ అని మార్చినంత మాత్రాన సొంత వాక్యం అయిపోదు. పుస్తకం మూసి, అర్థమైనదాన్ని తన మాటల్లో, తన వరుసలో చెప్పాలి. అప్పుడు కూడా రచయిత పేరు, సంవత్సరం, పేజీ ఇవ్వాల్సిందే. చాలామంది పొరబడేది ఇక్కడే: మాటలు మారినా విషయం అరువుదే కదా! ఉప్పెన వచ్చింది నవంబరు 19న అని రాయడానికి ఆధారం అక్కర్లేదు, అది అందరికీ తెలిసిందే. నాగాయలంక వైపు ఊళ్లు తిరిగి ఎవరో సేకరించిన బాధితుల మాటలు వాడుకుంటే మాత్రం, సేకరించినవారి పేరు ఆ వాక్యం పక్కనే ఉండాలి.