రేడియో మోడెము: మాట చేరుట వేరు, మనదే యగుట వేరు

అద్దకపుశాల ఒకచోటను, దానికి నీరిచ్చు బోరుబావి మరొకచోటను ఉన్న సంఘమునకు నిత్యము ఒక చిక్కు. తొట్టి నిండినదా లేదా చూచుటకు ఒక మనిషి, మోటారు ఆపుటకు మరొక మనిషి కావలెను. తీగ లాగుదమన్న నడుమ రోడ్డు, ఇతరుల స్థలములు అడ్డు. ఇట్టి తావున రేడియో మోడెము పనికివచ్చును. తొట్టివద్ద కొలిచిన నీటిమట్టమును ఒక మోడెము గాలిలో పంపగా, బోరువద్దనున్న మోడెము గ్రహించి, మోటారును నడుపు పెట్టెకు అందించును. మన దేశములో 865 నుండి 867 మెగాహెర్ట్జుల భాగమును నిర్ణీత శక్తికి లోబడి లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో అనుమతించిరి. 2021లో దానిని 868 వరకు పెంచిరి. పరికరమునకు ప్రభుత్వ ఆమోదమున్నదా యని మాత్రము కొనునప్పుడే అడుగవలెను.

కొనుట సులభమే. మాట చేరినదా, చెడకుండ చేరినదా, మనవారే పంపినదా అను మూడును వేరువేరు సంగతులు. ఒకదానికి చేసిన ఏర్పాటు మరొకదానికి చాలునని తలచుటవలననే నష్టములు వచ్చుచున్నవి.

చేరుటకు ముఖ్యము ఎత్తు. రెండు ఏరియళ్లు ఒకదానికొకటి కనబడవలెను. అదియు చాలదు. దూరము 2 కిలోమీటర్లయినచో, నడిమధ్యను ఆ చూపుగీతకు చుట్టును ఇంచుమించు 8 మీటర్ల ఖాళీ ఉండవలెను. రేకుల కప్పులు, చెట్లు ఆ మేరలోనికి వచ్చినచో బలము తగ్గును. శక్తి పెంచి సాధింతమనుట దండుగ. ఏ అడ్డు లేనిచోటనైనను దూరము రెట్టింపు కావలెనన్న శక్తి నాలుగు రెట్లు కావలెను. ఏరియలును ఎత్తుగా కట్టి, గాలిలో పంపు వేగమును తగ్గించుట మేలు. తొట్టిమట్టము చెప్పుటకు వేగమెందులకు?

తీగవైపు వేగము, పారిటీ, స్టాపు బిట్లు పెట్టెలోను మోడెములోను ఒక్కతీరుగా ఉండవలెనని అందరును ఎరుగుదురు. తరచు మరచునది జవాబుకై వేచియుండు కాలము. తీగపై జవాబు రెప్పపాటున వచ్చును, రేడియోలో ఆలస్యమగును. పెట్టె సెకనులో పదవవంతు మాత్రమే వేచియుండిన, జవాబు దారిలో ఉండగనే మరల అడుగును. రెండు మాటలు గాలిలో ఢీకొనును. ఒకటి రెండు సెకనులు ఓపిక పట్టునట్లు ఉంచవలెను. మోడెము తనంత తాను 3 మార్లు పంపి, పెట్టెయు 3 మార్లు అడిగినచో ఒక్క మాటకు 9 పంపకములగును.

ఇక చెడకుండ చేరుట. మోడ్‌బస్ పద్ధతిలో ప్రతి సందేశము చివరను 16 బిట్ల సరిచూపు సంఖ్య ఒకటి ఉండును. నూలుకట్టతో వచ్చిన చీటీలోని చిలపల లెక్కవంటిదే ఇది. అందుకొన్నవారు మరల లెక్కించి, సరిపోనిచో త్రోసివేయుదురు. కాని దొంగచీటీ వ్రాయువాడు లెక్క సరిగానే వ్రాయును గదా! ఇది తాళము కాదు.

తాళము లేకున్న ఏమగునో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లండు రాష్ట్రమున, మరూచి అను ప్రాంతములో 2000వ సంవత్సరమున తెలిసినది. అచ్చటి మురుగునీటి పంపులకు రేడియో పరికరములు అమర్చిన కంపెనీలో లోగడ పనిచేసినవాడొకడు, పురపాలక సంఘమువారు ఉద్యోగమీయలేదని, కారులో కంప్యూటరు, రేడియో పెట్టుకొని తిరుగుచు పంపులకు దొంగ ఆజ్ఞలు పంపెను. సుమారు 8 లక్షల లీటర్ల మురుగు పార్కులలోను వాగులలోను పడినది. మొదట అందరును యంత్రదోషమనియే తలచిరి. 2001లో వానికి రెండేండ్ల శిక్ష పడినది.

కావున ఏఈఎస్ అను గూఢలిపి గల మోడెమునే తీసికొనవలెను. ఫ్యాక్టరీలో పెట్టిన తాళపుచెవి, సంకేతపదము తప్పక మార్చవలెను. అదే రకము కొన్న ప్రతివానికిని అవి తెలియును. అమర్చువాడు త్వరగా ఊరు చేరవలెనని గూఢలిపిని ఆపియుంచి పోవుట కద్దు. గూఢలిపి ఉన్నను, ‘మోటారు నడుపు’ అను సందేశమును పట్టి, రేపు మరల వదలువాడు ఉండవచ్చును. ఒకసారి చెల్లించిన వోచరు సంఖ్య మరల వచ్చినచో కోశాధికారి త్రిప్పి పంపునట్లు, ప్రతి సందేశమునకు వరుస సంఖ్యనిచ్చి పాతదానిని త్రోసివేయు ఏర్పాటు ఉన్నదా యని అడుగవలెను. చెవి తెలిసిన ఉద్యోగి మానిపోయిన దినముననే దానిని మార్చవలెను. క్రొత్తదానిని సీలు కవరులో సంఘపు ఇనుపపెట్టెలో ఉంచిన చాలును.

మాట రానప్పుడు ఏమి జరుగవలెను? మరమగ్గముపై పేక తెగినచో మగ్గము ఆగును. అట్లే, అర నిమిషము సందేశము రానిచో బోరు మోటారు ఆగవలెను. చివరి మాటను పట్టుకొని నడచుచుండరాదు. రంగునీటి గుంటను తోడు పంపునకు ఈ నియమము తగదు. అది ఆగినచో గుంట పొర్లి వీధిలోనికి పారును. అచ్చట రేడియోతో నిమిత్తము లేక, గుంటలో తేలు స్విచ్చే పంపును నడపవలెను.

అమరిక ముగిసిన దినముననే, అమర్చినవానికి సొమ్ము ఇయ్యకముందే, తొట్టివద్ద మోడెమునకు కరెంటు తీయించి, బోరువద్ద గడియారము చూచుచు నిలుచుండవలెను. మోడెము చూపు బలమును ఆనాడే వ్రాసికొని, వానలకు చెట్లు గుబురెక్కిన పిమ్మట మరల చూచి ఆ అంకె ప్రక్కనే వ్రాయవలెను.